ఉదర డయాలిసిస్: తగినవారెవరు?

మూత్రపిండములు చెడిన రోగికి ఉదర డయాలిసిస్ ఒక చికిత్స. ప్రభుత్వ వైద్యములో 1985లో హాంకాంగ్, 2008లో థాయిలాండ్ దీనినే తొలి పద్ధతిగా నిర్ణయించినవి. ఈ నిర్ణయము ఎంతవరకు సమంజసము?

దీని మేలు స్పష్టమే. ప్రేవులను కప్పియుండు పలుచని పొరయే ఇందు జల్లెడ. మెత్తని గొట్టము ద్వారా సుమారు రెండు లీటర్ల గ్లూకోజు ద్రవమును కడుపులోనికి పంపి, కొన్ని గంటల పిమ్మట మాలిన్యములతోను, అధికమైన నీటితోను వెలికి తీయుదురు. సాధారణముగా దినమునకు నాలుగు మార్లు ఇట్లు ఇంటివద్దనే చేసికొనవచ్చును. రక్త డయాలిసిస్‌కై వారమునకు మూడుసార్లు ఆసుపత్రికి పోనక్కరలేదు. దూరపు పల్లెవాసికి ఇది గొప్ప సదుపాయము.

అయితే 'అందరికీ మొదట ఇదే' అను సూత్రములో లోపము కలదు. పూర్వపు శస్త్రచికిత్సల వలన కడుపులో ప్రేవులు మిక్కిలిగా అతుకుకొన్నవారికిని, బాగుచేయరాని హెర్నియా ఉన్నవారికిని ఇది తగదు. ఇంతవరకు వైద్యుడు పరీక్షించి చెప్పగలడు. కాని చేతులు వణకు వృద్ధునికి, చూపు తగ్గిన మధుమేహరోగికి ఇంటిలో తోడున్నచో ఇది సాధ్యము, లేనిచో కష్టము. శుభ్రతలో ఏమరినచో ఆ పొరకు చీముపట్టి ప్రాణముమీదికి రావచ్చును. ఇట్టి సంగతులు రక్తపరీక్షలో తేలవు. ఇంటి పరిస్థితి విచారించినగాని తెలియవు.

థాయిలాండ్ పథకములో, ఇది తగియుండియు వద్దన్న రోగి రక్త డయాలిసిస్ ఖర్చును తానే భరింపవలసి వచ్చెను. 2022లో ఎన్నుకొను హక్కును రోగికి ఇచ్చిరి. ప్రభుత్వమునకు పొదుపు అవసరమే. కాని దినదినము సంచులు మార్చుకొనవలసినవాడు రోగి. అతని సమ్మతి లేని అర్హత కాగితముమీది అర్హతయే.