ముట్టడిలో మాట

యుద్ధకాలపు కవిత్వమంటే ధైర్యవచనాలేనని మన విమర్శకులు కొందరు తేల్చివేస్తారు. ఓల్గా బెర్గోల్త్స్‌ను చదివాక నేనా మాట ఒప్పుకోలేను.

1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 దాకా లెనిన్‌గ్రాడ్ శత్రువుల ముట్టడిలో ఉంది. ఇంటింటా రేడియో గొట్టం. వార్తల మధ్య ఖాళీలో మెట్రోనోము చప్పుడు వినిపించేది: నెమ్మదిగా ఉంటే క్షేమం, వేగం హెచ్చితే విమానదాడి. 1941 నవంబరు, డిసెంబరు నెలల్లో కార్మికులు కానివారికి రోజుకు 125 గ్రాముల రొట్టె. అందులోనూ కల్తీయే ఎక్కువ. ఆ శ్రోతలకు బెర్గోల్త్స్ కవితలు వినిపించింది. 1942 జనవరిలో భర్త చనిపోయాడు. ఆమె మైకు విడిచిపెట్టలేదు.

వార్తలు రణరంగాన్ని చెప్పాయి. ‘ఫిబ్రవరి డైరీ’ మాత్రం ఆకలినీ, చలినీ, మృతులను మంచుబండ్ల మీద లాక్కుపోయే వీధినీ చెప్పింది. తమ దుస్థితిని తమకే దాచకుండా చెప్పిన గొంతును ఆ తరం నమ్మింది. దాని పట్టుదలకు ఆ నమ్మకమే ఊతమని నా అభిప్రాయం.

అదే 1942లో ఆమె మాస్కో వెళితే, లెనిన్‌గ్రాడ్ ఆకలిచావుల ఊసెత్తవద్దన్నారు. అభ్యుదయవాదులమైన మనకు ఇది మింగుడుపడని సంగతే, అయినా దాచడమెందుకు? ఆ కోపాన్ని ఆమె సొంత డైరీలో రాసుకుంది. రేడియోకు ఆ పుటలు ఎక్కలేదు. ఆమె 1975లో మరణించేనాటికీ అవి పూర్తిగా అచ్చుకాలేదు.