బరువంతా కుడిచేతిలోనే

రాయచోటి వైపు పలకలు వాయించేవాళ్లు ఊరేగింపు కదలకముందే ఎండుగడ్డి మంట వేసి తోలు కాచుకుంటారు. తోలు బిగిస్తేనే మోత ఖంగుమంటుంది. మెటల్ సంగీతంలో బరువు మాత్రం మొదట వదులులోంచి పుట్టింది. బర్మింగ్‌హామ్ గిటారు కుర్రాడు టోనీ అయోమీకి రేకుల ఫ్యాక్టరీలో కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం గనక తీగలు నొక్కేది ఆ వేళ్లతోనే. తీగలు వదులు చేసుకున్నాడు, శ్రుతి దించాడు. 1971లో అతని బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ తెచ్చిన 'మాస్టర్ ఆఫ్ రియాలిటీ'లో చాలా పాటలు మూడు అరస్వరాలు కిందికి దిగి మోగుతాయి.

తర్వాత మెటల్‌లోనే పరుగెత్తే శాఖ త్రాష్ వచ్చి మళ్లీ బిగింపును తెచ్చింది. ఈసారి బిగిసింది తీగ కాదు, చెయ్యి.

కుర్ర బ్యాండ్ ఒకటి 'ఇకమీదట హెవీగా వాయిస్తాం' అనగానే ఆంప్ మీద చెయ్యి వేస్తుంది, డిస్టార్షన్ పెంచుతుంది. దాంతో రొద పెరుగుతుంది, బరువు పెరగదు. పని జరగాల్సింది తీగ మీటే కుడిచేతి దగ్గర. అరచేతి అంచును బ్రిడ్జి పక్కన తీగల మీద ఆనీ ఆననట్టు ఉంచి మీటితే నాదం సాగకుండా అక్కడికక్కడే తెగుతుంది. దీన్నే పామ్ మ్యూటింగ్ అంటారు. పిక్‌ను కిందికీ పైకీ ఆడించకుండా ప్రతి దెబ్బా పైనుంచి కిందికే కొట్టడం డౌన్‌పికింగ్. త్రాష్ బ్యాండ్ మెటాలికా 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' పాట నిమిషానికి 200 బీట్లు దాటిన వేగంతో ఎనిమిది నిమిషాలకు పైగా సాగుతుంది. అందులో మళ్లీమళ్లీ తిరిగొచ్చే గిటారు వరసను, అంటే ప్రధాన రిఫ్‌ను, డౌన్‌పికింగ్‌తో నిలబెట్టాలంటే ముంజేయి మండిపోతుంది. నెలల తరబడి మెట్రోనోమ్ పెట్టుకుని, వేగం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవడం తప్ప దీనికి దగ్గరిదారి లేదు.

రొద నుంచి చేతి బరువుకు తిరిగే మలుపును దగ్గరగా చూడాలంటే టెక్సాస్ బ్యాండ్ పాంటెరా దగ్గరికి వెళ్లాలి. 1983లో మొదటి ఆల్బమ్ 'మెటల్ మ్యాజిక్' వచ్చేనాటికి గిటారిస్టు డారెల్ ఆబట్ వయసు 16. అన్న విన్నీ పాల్ డ్రమ్స్ మీద, తండ్రి జెర్రీ నిర్మాతగా. తళుకుల బట్టలు, దువ్వి లేపిన జుట్టు, కిస్, వాన్ హేలెన్ బ్యాండ్ల మీద మోజు. ఏటికేడూ పాట ముదురుతూ వచ్చింది. కొత్త గాయకుడు ఫిల్ ఆన్సెల్మోతో 1988లో 'పవర్ మెటల్' చేశారు. 1990లో 'కౌబాయ్స్ ఫ్రమ్ హెల్' వచ్చింది. గిటారూ డ్రమ్సూ ఒకే చేత్తో వాయించినట్టు అతుక్కుపోయాయి. అంతకంటే ముఖ్యం, రిఫ్ మధ్యలో ఠక్కున ఆగడం నేర్చుకున్నారు. ఆగినచోటే తర్వాతి దెబ్బ బరువెక్కుతుంది. 1994లో 'ఫార్ బియాండ్ డ్రివెన్' నేరుగా బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానంలో అడుగుపెట్టింది.

తొలి నాలుగు ఆల్బమ్‌లను బ్యాండ్ తర్వాత తనవి కానట్టే పక్కనబెట్టింది. ఈ కాలమ్ రాసే మనిషికి అది అన్యాయంగానే తోస్తుంది. ఆ అన్నదమ్ముల చేతులు ఒకదానికొకటి అలవాటు పడింది ఆ ఏళ్లలోనే కదా!

మనవైపు చూస్తే హైదరాబాద్‌లో గాడ్‌లెస్ ఉంది. షాక్ థెరపీ, స్క్రిప్ట్ లాంటి బ్యాండ్లలో చేతులు కాచుకున్నవాళ్లు 2015లో కలిసి కట్టిన బ్యాండ్ అది. డెత్ మెటల్ గొంతుకు త్రాష్ పరుగును జోడించారు. 2016లో 'సెంచరీస్ ఆఫ్ డెకడెన్స్', 2018లో 'స్వార్మ్' అనే చిన్న రికార్డులు తెచ్చి, ఆ తర్వాతే 2021లో 'స్టేట్స్ ఆఫ్ కేయాస్' అనే నిండు ఆల్బమ్‌కు వచ్చారు. ఆ ఓపిక మెచ్చుకోదగ్గది. సినిమా పాట తప్ప మరోటి వినిపించని చోట ఇలాంటి సంగీతాన్ని పట్టుకుని ఉండటమే పెద్ద పని.

రాయచోటి కుర్రాళ్లకు మెటల్ మరీ దూరపు చుట్టమేమీ కాదు. మదనపల్లె దాటి వెళితే వచ్చే బెంగళూరులోనే, ప్యాలెస్ గ్రౌండ్స్‌లో, 2007లో ఐరన్ మెయిడెన్, 2011లో మెటాలికా వాయించి వెళ్లాయి. చదువుకో ఉద్యోగానికో అక్కడికి చేరి గిటారు కొనుక్కున్నవాళ్లు 'పవర్ మెటల్', 'కౌబాయ్స్ ఫ్రమ్ హెల్' రెండూ ఒకే రాత్రి వరుసగా వినాలి. సోలోలు వచ్చినప్పుడు కాదు, పాడేవాడి వెనక గిటారు ఏం చేస్తోందో అక్కడ చెవి పెట్టాలి. రెండేళ్లలో ఆ కుడిచెయ్యి ఎంత మారిందో అక్కడే దొరుకుతుంది.