జాకీలోని ఆయిల్ ఎవరి లెక్క?

ఈ వారం చిరాకు తెప్పించింది ఒక సలహా. వ్యవసాయ పనులు ఊపందుకోగానే ట్రాక్టర్ల గురించి ఎవరు ఏం చెప్పినా చివర్లో తగిలించే మాటే అది: "రోజూ పొద్దున్నే హైడ్రాలిక్ ఆయిల్ చూసుకోండి, తగ్గితే పోయండి." ఇందులో తప్పేముందంటారా? ఈ కాలమ్‌ను ఇన్నాళ్లుగా ఓపిగ్గా భరిస్తున్నవాళ్లకు నా పాత జబ్బు తెలుసు. ఏ స్థితిలో కొలిచారో చెప్పని కొలత నాకు మింగుడు పడదు. ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదని అన్నప్పుడు కూడా, శాంపిల్ కుప్ప పైనుంచి తీశారా అడుగునుంచి తీశారా అని అడిగి విసిగించింది ఇక్కడే. ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ మీది గీత కూడా ఆ జాతిదే. గీత ఒక్కటే చూసి లెక్క తేలిందనుకుంటే, అసలు లెక్క చాలాసార్లు ట్రాక్టర్ వెనకాల కట్టిన పనిముట్టులో ఉండిపోతుంది.

పత్తి సాళ్ల మధ్యా, మామిడి, పామాయిల్ తోటల్లోనూ తిరిగే మినీ ట్రాక్టర్లను తీసుకోండి. వీటిలో చాలావాటికి హైడ్రాలిక్ కోసం వేరే ట్యాంకు ఉండదు. గేర్లు, డిఫరెన్షియల్ మునిగి ఉండే ఆయిలే పంపులోంచి వెళ్లి లిఫ్ట్‌ను లేపుతుంది. బ్రేకులు ఆయిల్‌లో మునిగి ఉండే రకమైతే వాటిని చల్లబరిచేదీ అదే. ఈ ఏర్పాటు నిన్నమొన్నటిది కాదు. నేటి ఉత్తర ఐర్లండ్‌లో పుట్టిన హ్యారీ ఫెర్గూసన్ 1936లో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టర్‌నూ, 1939లో హెన్రీ ఫోర్డ్‌తో కలిసి 9ఎన్ ట్రాక్టర్‌నూ తెచ్చినప్పుడు ఆయన పట్టుదలంతా ఒక్కదాని మీదే. నాగలి అనేది ట్రాక్టర్ వెనక ఈడ్చుకుపోయే పరాయి వస్తువుగా ఉండకూడదు, మూడు చోట్ల తగిలించి రెండింటినీ ఒకే యంత్రం చెయ్యాలి. అలా చేస్తే నాగలి లాగుడు వెనక చక్రాల మీద బరువుగా పడి, తేలికపాటి బండి కూడా జారకుండా గట్టి నేలను దున్నుతుంది. 9ఎన్‌లో గేర్‌బాక్స్‌కూ హైడ్రాలిక్‌కూ ఒకే ఆయిల్. లిఫ్ట్‌ను ఎత్తే సిలిండర్ కూడా ట్రాక్టర్ పొట్టలోనే ఉండేది. అందుకే అక్కడ ఆయిల్ లెక్క తేలిక. పనిముట్టు దింపగానే సిలిండర్‌లోకి వెళ్లిన ఆయిల్ మళ్లీ అదే తొట్టిలో పడుతుంది, బయటికి పోయేదేమీ లేదు.

ఆ లెక్క చెడింది బయటికి పైపు లాగడంతో. ట్రాలీని లేపే జాకీ, ముందు తగిలించే లోడర్, డోజర్ బ్లేడు వీటన్నిటికీ ట్రాక్టర్ ఆయిలే పైపుల్లోంచి వెళుతుంది. ఎంత వెళుతుందో అంకెల్లో చూద్దాం. లోపలి వ్యాసం 10 సెంటీమీటర్లు ఉన్న జాకీ 60 సెంటీమీటర్లు లేచిందనుకుంటే, అందులో పట్టే ఆయిల్ దాదాపు 4.7 లీటర్లు. బండిలో ఉన్నదే 20 లీటర్లయితే నాలుగో వంతుకు దగ్గరగా ట్రాలీ కిందకు చేరిందన్నమాట. ట్రాలీ జాకీకి ఒకవైపే పైపు ఉంటుంది కాబట్టి లేపినప్పుడు పోయినదంతా దింపితేనే వెనక్కి వస్తుంది. లోడర్ సంగతి వేరు. దాని సిలిండర్లకు రెండు వైపులా పైపులుంటాయి. ఒకవైపు ఆయిల్ ఎక్కుతుంటే రెండోవైపు నుంచి తిరిగొస్తుంది. కాబట్టి ఎత్తినా దింపినా తేడా లోపలి ఇనుప కడ్డీ ఆక్రమించే చోటంతే. పాతిక మిల్లీమీటర్ల కడ్డీ, 40 సెంటీమీటర్ల నిడివి అయితే ఒక్కో సిలిండర్‌కు 200 మిల్లీలీటర్లు కూడా ఉండదు. అయితే కొత్తగా లోడర్ బిగించిన రోజున మాత్రం ఖాళీ పైపులూ సిలిండర్లూ కడుపు నిండా తాగుతాయి. ఆ రోజు మట్టం పడిపోవడం సహజం, అప్పుడు పోయడం అవసరం కూడా. అంటే ఒకే బండిలో, ఒకే డిప్‌స్టిక్ మీద, మట్టం తగ్గడానికి వెనక ఏముందన్నదాన్ని బట్టి మూడు రకాల అర్థాలు.

ఇంత చాదస్తం ఎందుకు, తగ్గితే పోస్తే పోలేదా అని అడగొచ్చు. ఇంజిన్ ఆయిల్ కొంత కాలిపోతుంది, అక్కడ పోయడం న్యాయం. హైడ్రాలిక్ ఆయిల్ కాలదు. తగ్గిందంటే జాకీలోనో లోడర్‌లోనో ఉండాలి, లేదా ఏదో సీల్ దగ్గరో కప్లింగ్ దగ్గరో కారిపోతూ ఉండాలి. ఎందుకు తగ్గిందో వెతకకుండా పోసే ప్రతి లీటరూ ఆ కారుడుకు దుప్పటి కప్పడమే. పైగా మట్టం సరిగ్గా ఉన్నంత మాత్రాన నిశ్చింత కాదు. దమ్ములో తిరిగే బండిలో నీళ్లు చేరితే ఆయిల్ కారుతున్నా మట్టం గీత దగ్గరే నిలబడి ఉంటుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలలా తెల్లబడితే మట్టం ఎక్కడుందన్న ప్రశ్నే అనవసరం, ముందు ఆ ఆయిల్ దించాలి. కాస్త ఎక్కువ పోస్తే నష్టమేంటన్నది మరో వాదన. నష్టం ఉంది. 20 లీటర్ల ఆయిల్ 40 డిగ్రీలు వేడెక్కితే అర లీటరుకు పైనే పెరుగుతుంది. మట్టం మితిమీరితే గేర్లు దాన్ని చిలికి నురగ చేస్తాయి, గాలి పోయే బ్రీదర్‌లోంచి పొంగి కారుతుంది, నురగలోని గాలి పంపులోకి పోయి లిఫ్ట్ వణుకుతూ లేస్తుంది. విచిత్రమేమిటంటే ఆయిల్ చాలకపోయినా ఇవే లక్షణాలు. పంపు గాలి పీల్చి కూత పెడుతుంది, నురగ వస్తుంది, లిఫ్ట్ వణుకుతుంది. దాంతో ఎక్కువైన బండిని చూసి తక్కువైందనుకుని ఇంకో లీటరు పోసేవాళ్లకు కొదవలేదు.

పద్ధతి మీద కూడా ఏకాభిప్రాయం లేదు కదా అంటారు. నిజమే, డిప్‌స్టిక్‌ను మర బిగించి చూడమని ఒక కంపెనీ, బిగించకుండా ఊరికే ఆనించి చూడమని ఇంకో కంపెనీ చెబుతాయి. ఇందులో వైరుధ్యం లేదు. ఆ గీత ఏ స్థితిలో గీశారో ఆ స్థితిలోనే చదవాలి, అది ఆ బండి పుస్తకం చెప్పాల్సిన మాట. మిగతా షరతులు దాదాపు అన్నిటికీ ఉమ్మడి: చదునైన నేల, ఆగిన ఇంజిన్, నేల మీదకు దింపిన పనిముట్టు, ముడుచుకున్న జాకీ, ఆయిల్ కిందకు జారడానికి కాసేపు గడువు. ఇంకొకటి ఎవరూ చెప్పరు: దుమ్ము. హైడ్రాలిక్ వాల్వుల్లో సందులు కొద్ది మైక్రాన్లే. మన కంటికి 40 మైక్రాన్లకంటే చిన్న రేణువు ఆనదు. పొలం గట్టు మీద, ఒరిగిన బండిలో, లుంగీ అంచుతో తుడిచి చూసే డిప్‌స్టిక్ కొలత ఇవ్వకపోగా కనిపించని ఇసుకను లోపలికి దించుతుంది.

ఈ షరతులన్నీ ఒకచోట పేర్చి చూస్తే నాకే నవ్వొస్తోంది. ఆయిల్ చల్లారి కిందకు చేరి, బండి చదునుగా షెడ్డులో నిలిచి, దుమ్ము అణిగి ఉండే వేళ ఒక్కటే, పొద్దున్న. నేను చిరాకుపడ్డ ఆ పాత సలహాలో మొదటి సగం అక్షరాలా సరైనదే. రెండో సగాన్ని మాత్రం ఒప్పుకోను. ఎందుకంటే పొద్దున్న చదివేది రాత్రి బండిని ఎలా ఆపారన్నదాన్నే. సొంత బండి అయితే ఆపినవాడూ చూసేవాడూ ఒకడే కాబట్టి గొడవ లేదు. అద్దె బండి అలా కాదు, రాత్రి ఎనిమిదింటికి ట్రాలీ సగం లేచి ఉండగానే షెడ్డు చేరుతుంది. అదీ కాకపోతే జాకీ పూర్తిగా దిగకముందే కప్లింగ్ ఊడదీస్తారు. పొద్దున్నే యజమాని గీత చూసి రెండు లీటర్లు పోస్తాడు, మధ్యాహ్నం ట్రాలీ దిగగానే బ్రీదర్ పొంగుతుంది, సాయంత్రానికి సీల్ పోయిందని మెకానిక్ వస్తాడు. ఒకరి ట్రాలీ ఇంకొకరి ట్రాక్టర్‌కు తగిలిస్తే జాకీలో మిగిలిన ఆయిల్ కూడా చేతులు మారుతుంది. అది ఏ రకమో, ఎంత పాతదో ఎవరికీ తెలీదు. అందుకని బండి అప్పగించేటప్పుడు గంటల మీటరు, డీజిల్ చూసినట్టే పనిముట్టు దిగిందా, జాకీ ముడుచుకుందా అన్నది కూడా ఇద్దరూ కలిసి చూడటం మేలంటాను. తగవులు పెరుగుతాయంటారేమో. డీజిల్ దగ్గర ఎలాగూ తగవు పడుతున్నారు, నిలబడ్డ ఆ రెండు నిమిషాల్లోనే ఇదీ తేలుతుంది.