పక్షమూ పూచీ

బొమ్మలు వేసినవాళ్ల మీద తెలుగులో పుస్తకాలు వచ్చాయి. వాళ్ల బొమ్మల్ని ఎంచి, ఒక వరుసలో పెట్టి, ఆ వరుస ఎందుకో రాసి, ఆ రాతకు పూచీ పడ్డ మనిషి మీద పుస్తకం రావడం నాకు తెలిసి ఇదే మొదలు. కళా విమర్శకురాలు, క్యూరేటర్ గీతా కపూర్ రచనల్ని, ఆవిడ కూర్చిన ప్రదర్శనల్ని తెలుగు పాఠకుల ముందు పెట్టడానికి ఈ పుస్తకం రాసిన అమ్మాయి పూనుకున్నదని విన్నప్పుడు సంతోషం కంటే ముందు సందేహమే కలిగింది. ఆవిడ ఇంగ్లీషు చదివినవాళ్లకు ఆ సందేహం ఎందుకో తెలుసు. ఒక్కో వాక్యంలో చరిత్ర, రాజకీయం, సౌందర్యశాస్త్రం పెనవేసుకుని ఉంటాయి. విడదీస్తే పీచు మిగులుతుంది, విడదీయకపోతే పాఠకుడు పుస్తకం మూసేస్తాడు. రాతప్రతి చదివాక నా సందేహం తీరింది. రచయిత్రి అర్థమైనంత మేరే రాసింది, రాసినంత మేరా తన తెలుగులోనే రాసింది.

గీతా కపూర్ 1943లో పుట్టారు. న్యూయార్క్‌లోనూ, తరువాత లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్‌లోనూ చదివారు. లండన్‌లో పీటర్ డి ఫ్రాన్సియా దగ్గర రాసిన సిద్ధాంత వ్యాసం, బరోడాలో గులాం మహమ్మద్ షేక్, భూపేన్ ఖాఖర్ నడిపిన ‘వృశ్చిక్’ అనే చిన్న పత్రికలో 1970ల మొదట్లో ధారావాహికగా అచ్చయింది. వలస పాలన ముగిసిన దేశంలో చిత్రకారుడు తన ఉనికిని ఎక్కడ వెతుక్కోవాలి, దేశీయత పేరుతో దేన్ని పట్టుకోవాలి, దేన్ని వదులుకోవాలి అన్నది అందులోని ప్రశ్న. ఆ ప్రశ్న యాభై ఏళ్లుగా ఆవిడను వదలలేదు. ఐఐటీ ఢిల్లీలో కొన్నేళ్లు మానవీయ శాస్త్రాలు బోధించి, 1973లో ఆ కొలువు వదిలేశారు. ఆ తరువాత సిమ్లాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీ, కేంబ్రిడ్జ్‌లోని క్లేర్ హాల్ వంటి చోట్ల ఫెలోషిప్‌లు తీసుకున్నారు. మ్యూజియం కొలువు మాత్రం చేయలేదు, స్వతంత్ర క్యూరేటర్‌గానే పనిచేశారు.

స్వతంత్ర క్యూరేటర్ అంటే వినడానికి దర్జాగానే ఉంటుంది. మ్యూజియం క్యూరేటర్‌కు నెల జీతం, సొంత సేకరణ, గోడలు, గిడ్డంగి ఉంటాయి. స్వతంత్ర క్యూరేటర్‌కు అవేవీ ఉండవు. చిత్రకారుల దగ్గరా, సేకర్తల దగ్గరా బొమ్మలు ఎరువు తెచ్చుకోవాలి. వాటికి బీమా చేయించాలి, చెక్కపెట్టెలు కట్టించాలి, దేశం దాటితే కస్టమ్స్ కాగితాలు చూసుకోవాలి. ఏ బొమ్మ పక్కన ఏది ఉండాలి, మధ్యలో ఎంత ఖాళీ విడవాలి, దీపం ఎక్కణ్నుంచి పడాలి అన్నవన్నీ తేల్చుకోవాలి. ఇంతా చేస్తే ప్రదర్శన కొన్ని వారాలుంటుంది. తరువాత ఎవరి బొమ్మలు వాళ్లింటికి పోతాయి. మిగిలేది క్యాటలాగు ఒక్కటే. కొలువు లేని క్యూరేటర్‌కు రాతే ఆస్తి. ఈ పుస్తకం మూడో అధ్యాయంలో రచయిత్రి ఈ లెక్కలన్నీ ఓపికగా విప్పి చెప్పింది. క్యూరేటర్ అంటే రిబ్బను కత్తిరించే వేళ మైకు ముందు నిలబడే మనిషి అనుకునేవాళ్లు ముందుగా చదవవలసింది ఆ అధ్యాయమే.

1978లో వచ్చిన ‘కాంటెంపరరీ ఇండియన్ ఆర్టిస్ట్స్’ ఆవిడ తొలి పుస్తకం. హుసేన్, సూజా, రామ్‌కుమార్, అక్బర్ పదమ్‌సీ, స్వామినాథన్, భూపేన్ ఖాఖర్ ఇందులోని ఆరుగురు. ఐదుగురి తరువాత వయసులో చిన్నవాడైన ఖాఖర్‌ను చేర్చడంలోనే ఆవిడ చూపు ఎటు మళ్లుతున్నదో తెలుస్తుంది. మూడేళ్లకు అది వాదంగా బయటపడింది. 1981లో బొంబాయి జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలోనూ, ఢిల్లీ రవీంద్ర భవన్‌లోనూ ‘ప్లేస్ ఫర్ పీపుల్’ ప్రదర్శన జరిగింది. జోగేన్ చౌధురి, భూపేన్ ఖాఖర్, నళినీ మలానీ, సుధీర్ పట్వర్ధన్, గులాం మహమ్మద్ షేక్, వివాన్ సుందరం పాల్గొన్నారు. మనిషి బొమ్మను, కథను, వీధిని, ఇరుగుపొరుగును కాన్వాసు మీదికి తిరిగి తేవాలన్నది వాళ్ల పట్టు. క్యాటలాగు వ్యాసం గీతా కపూర్‌ది. మానవ రూపం గురించి తన అభిప్రాయాలు పక్షపాతంతో కూడినవని ఆ వ్యాసం శీర్షికలోనే ప్రకటించారు.

ఈ పుస్తకం మొత్తంలో నాకు ముఖ్యంగా తోచింది ఇదే. విమర్శకుడు తటస్థంగా ఉండాలని మనవాళ్లు తరచు అంటారు. ఆచరణలో ఆ తటస్థత అందరినీ సమంగా మెచ్చుకోవడంగా తేలుతుంది. మన క్యాటలాగులు తిరగేయండి. ప్రతి చిత్రకారుడూ రంగులతో కవిత్వం చెప్పినవాడే, ప్రతి గీతా లయబద్ధమే. అందులో పేర్లు తారుమారు చేసినా ఎవరికీ పట్టదు. గీతా కపూర్ అలా రాయలేదు. తాను ఎవరి వైపు నిలబడ్డదీ ముందే చెప్పి, ఎందుకు నిలబడ్డదీ పేజీల కొద్దీ వివరించారు. ఎదుటివాళ్లు కాదనడానికి చోటు ఇచ్చారు. కాదన్నవాళ్లు కూడా చాలామందే.

ఆవిడ తన చుట్టూ ఉన్నవాళ్ల గురించే ఎక్కువగా రాశారన్న మాట ఉంది. వివాన్ సుందరం ఆవిడ భర్త, 2023లో కన్నుమూశారు. ఆయన పనిని గురించి ఆవిడ రాశారు, మిత్రుల గురించీ రాశారు. రచయిత్రి ఈ ఆరోపణను దాటవేయలేదు, ఒక అధ్యాయమే కేటాయించింది. దగ్గరితనం వల్ల స్టూడియోలో బొమ్మ ఎదుగుతుండగా చూసే వీలు దొరుకుతుంది, అదే దగ్గరితనం దూరంగా ఉన్నవాళ్లను కనబడనివ్వదు అని రెండు వైపులా తూచింది. తీర్పు పాఠకులకు వదిలింది. నన్నడిగితే, దాచిన పక్షపాతం కంటే చెప్పిన పక్షపాతమే మేలు. చెప్పినదాన్ని కొలవవచ్చు.

విదేశాల్లో ఆవిడ చేసిన పనిలో లండన్ టేట్ మోడర్న్ ప్రదర్శన గురించి రచయిత్రి రాసిన పేజీలు ఈ పుస్తకానికి వన్నె తెచ్చాయి. 2001లో ఆ మ్యూజియం ‘సెంచరీ సిటీ’ పేరుతో తొమ్మిది నగరాలను తీసుకుని, ఒక్కో నగరానికి ఒక్కో కాలాన్ని ముడిపెట్టింది. బొంబాయి భాగాన్ని గీతా కపూర్, సినిమా పండితుడు ఆశిష్ రాజాధ్యక్ష కలిసి కూర్చారు. ఎంచుకున్న కాలం 1992 నుంచి 2001 వరకు. అంటే బాబ్రీ మసీదు కూలిన ఏడాదితో, బొంబాయి అల్లర్లతో మొదలు. పరాయి దేశపు గోడల మీద మన నగరాన్ని అందంగా చూపించి రావడం సులువు. వీళ్లు అందులో గాయాన్నీ చూపించారు. అతుల్ దోడియా దుకాణాల రోలింగ్ షట్టర్ల మీద వేసిన బొమ్మలు అక్కడ ఉన్నాయి. షట్టరు దించితే ఒక బొమ్మ, ఎత్తితే లోపల మరొకటి. అల్లర్ల రోజుల్లో షట్టర్లు ధడేలున దిగడం ఎరిగిన నగరం నుంచి వచ్చిన బొమ్మలు అవి. చిత్రకళ పక్కనే సినిమాను, వీధి దృశ్యాలను నిలబెట్టడంలో, నగరాన్ని గ్యాలరీ బొమ్మలతోనే చెప్పలేమన్న వాదం ఉంది. అంతకుముందు 1995లో, వర్ణవివక్ష పాలన ముగిసిన కొత్తలో, తొలి జోహానెస్‌బర్గ్ బినాలేకు ‘డిస్‌పొజెషన్’ అన్న భారతీయ విభాగాన్ని కూర్చారు. 2003లో బెర్లిన్‌లో ‘సబ్‌టెరెయిన్’ చేశారు. డెబ్బై ఏళ్లు వచ్చాక, 2013లో, ముంబయిలోని కెమోల్డ్ గ్యాలరీ యాభై ఏళ్ల సందర్భంగా వరుసగా ఐదు ప్రదర్శనలు తలకెత్తుకున్నారు.

తూలిక ప్రచురించిన ‘వెన్ వాజ్ మోడర్నిజం’ (2000) వ్యాస సంపుటి మీది అధ్యాయం కష్టమైనది, పుస్తకానికి వెన్నెముక కూడా. ఆ సంపుటిలో అమృతా షేర్‌గిల్, ఫ్రీదా కాలో, నస్రీన్ మొహమ్మదీ ఉన్నారు. సత్యజిత్ రాయ్ అపూ ఉన్నాడు, ఋత్విక్ ఘటక్ ఆఖరి సినిమా ఉంది, ‘సంత్ తుకారాం’ ఉంది. ఆధునికత యూరప్‌లో పుట్టి మనకు ఆలస్యంగా చేరిన సరుకు అన్న వాడుక మాటను ఆవిడ ఒప్పుకోరు. జాతీయోద్యమం, విభజన, స్వాతంత్ర్యం, వాటి వెంట వచ్చిన ఆశాభంగాల మధ్య మన ఆధునికతకు దాని సొంత కాలక్రమం ఏర్పడిందంటారు. రచయిత్రి ఈ వాదాన్ని తెలుగులో చెప్పిన తీరు చూసి ముచ్చటేసింది. సిద్ధాంతాన్ని పలచన చేయలేదు, పరిభాషతో బెదరగొట్టనూ లేదు.

తెలుగు పాఠకులకు ఇదంతా దూరపు వ్యవహారం అనిపించవచ్చు. అంత దూరమేమీ కాదు. మన లక్ష్మాగౌడ్, తోట వైకుంఠం బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నవాళ్లే. ఆ సుబ్రమణ్యన్ మీద గీతా కపూర్ 1987లో పుస్తకం రాశారు. జానపద కళను ఆధునిక చిత్రకారుడు ఎలా చూడాలన్న ప్రశ్న తెలంగాణ ఊళ్లకూ చెందినదే. కళ గురించి తెలుగులో రాసే పని తుమ్మపూడిలో కూర్చుని సంజీవదేవ్ ఎన్నో ఏళ్లు చేశారు. ఆయనది అనుభూతి దారి. బొమ్మ ఎదుట మనసు పొందే స్థితిని ఆయన రాశారు. ఆ బొమ్మ ఏ చరిత్రలోంచి వచ్చింది, ఎవరి గోడ మీదికి చేరింది, ఎవరిని వదిలేసింది అని అడిగే దారి మన దగ్గర ఇంకా సన్నగానే ఉంది. ఈ పుస్తకం ఆ దారిని వెడల్పు చేస్తుంది.

ఒక్క సూచన. మలి ముద్రణలో హుసేన్ మీది పేజీలు పెంచాలి. బద్రీవిశాల్ పిత్తీ అండతో ఆయన హైదరాబాదులో రామాయణం బొమ్మలు వేశారు. ఆ సంగతిని గీతా కపూర్ వాదాల వెలుగులో చూడగలిగింది ఇప్పుడు ఈ అమ్మాయే.

గీతా కపూర్, వివాన్ సుందరం దాచుకున్న కాగితాలను హాంకాంగ్‌లోని ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ డిజిటల్ రూపంలో అందరికీ తెరిచింది. ఒక స్వతంత్ర క్యూరేటర్ జీవితాన్ని ఆధారాలతో రాయడం అందువల్ల సాధ్యమైంది. మన చిత్రకారుల ఉత్తరాలు, ఆహ్వానపత్రాలు, క్యాటలాగులు అటకల మీద చెదలకు ఆహారమవుతున్నాయి. వాటిని దించి, దుమ్ము దులిపి, వరుస పేర్చి, ఒక ప్రదర్శన చేసి, దానికి తెలుగులో క్యాటలాగు రాయడం రచయిత్రి తరువాతి పని కావాలని నా కోరిక. అందులో తన పక్షం ఏదో మొదటి పేజీలోనే చెప్పాలి.

ఈ పుస్తకం చదివి ఒప్పుకోనివాళ్లు ఉంటారు, ఉండాలి. సభలో మెచ్చుకుని బయట చాయ్ దగ్గర విడిగా తిట్టుకోవడం మన అలవాటు. ఈసారికి ఆ అలవాటు మానుకుని, కాదనేవాళ్లు కాగితం మీద కాదనాలని వినతి. జవాబు రాయగల సత్తా రచయిత్రికి ఉంది.

ఆశీస్సులతో,
హైదరాబాదు