అడగని ప్రశ్నకు జవాబు రాసిన రాషీ

యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తాల్ముడ్ పుట తెరిస్తే కొత్తవాళ్లకు కళ్లు తిరుగుతాయి. నడుమ మూలం, చుట్టూ వ్యాఖ్యలు. మూలంలో విరామచిహ్నాలు ఉండవు, ఎవరి మాట ఎక్కడ ముగిసిందో చెప్పే గుర్తూ ఉండదు. బాబిలోనియా పండితులు తరతరాలుగా సాగించిన వాదన అది, సగం మాటలు మింగేసినట్టు ఉంటుంది. ఆ పుటలో కుట్టు వైపు అంచున నడిచే వ్యాఖ్య రాషీది. అది లేకుండా ఆ పుటను దాటగలిగేవాళ్లు ఈనాటికీ తక్కువే.

రాషీ పూర్తి పేరు రబ్బీ ష్లోమో యిత్స్‌హాకీ. 1040లో ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలో, త్రువా పట్టణంలో పుట్టాడు. రైన్ నది ఒడ్డున మైన్జ్, వోర్మ్స్ గురుకులాల్లో చదివి, సొంత ఊరికి తిరిగొచ్చి తానే గురుకులం నడిపాడు. ద్రాక్షతోటల మీద బతికాడని సంప్రదాయం చెబుతుంది. చరిత్రకారులు కొందరు ఒప్పుకోరు. ఆ సంగతి అలా ఉంచి, ఆయన రాసిన తీరు చూద్దాం.

మూలంలోంచి రెండు మూడు మాటలు ఎత్తి రాస్తాడు, పక్కనే నాలుగు మాటల్లో వివరణ ఇస్తాడు. అంతే. మామూలు వాక్యంలా కనిపించేది నిజానికి ఎదురుప్రశ్న అయితే, 'ఆశ్చర్యంగా' అని ఒక్క మాట చేరుస్తాడు. దాంతో అర్థం తలకిందులవుతుంది. మల్లినాథుడి వ్యాఖ్య పక్కన పెట్టుకుని కాళిదాసును చదివినవారికి ఈ పొదుపు విలువ వేరే చెప్పక్కర్లేదు.

అయితే రాషీ వివరణ ఇస్తాడు గానీ, ఏ చిక్కు చూసి ఇస్తున్నాడో చెప్పడు. అది చదివేవాడే పట్టుకోవాలి. అందుకే యూదు బడుల్లో గురువు అడిగే మొదటి మాట, 'ఇక్కడ రాషీని ఇబ్బంది పెట్టిందేమిటి?' అని.

రాషీ బైబిల్‌కూ వ్యాఖ్య రాశాడు. అందులో, ఆదికాండం 22వ అధ్యాయంలో దేవుడు అబ్రాహామును కొడుకును బలి ఇమ్మని అడిగే చోటు చూడండి. కొడుకు అని, ఒక్కగానొక్కడు అని, ప్రేమించేవాడు అని, చివరికి ఇస్సాకు అని నాలుగు రకాలుగా చెప్పడం దేనికి? ఆ మాటల నడుమ అబ్రాహాము జవాబులున్నాయంటాడు రాషీ. కొడుకులిద్దరున్నారు కదా అంటాడు తండ్రి. ఇద్దరూ ఎవరి తల్లికి వాళ్లు ఒక్కరే. ఇద్దరిమీదా ప్రేమే. ఇక పేరు చెప్పక తప్పదు. ఉన్నపళంగా చెబితే ఆ తండ్రి మతి చెదురుతుందని ఇలా మెల్లగా చెప్పాడట. ఈ సంభాషణ రాషీ కల్పన కాదు, తాల్ముడ్‌లోనిదే. కుప్పలుగా ఉన్న పాత కథల్లోంచి, ఆ వాక్యంలోని చిక్కు విప్పేదాన్ని మాత్రమే ఏరుకోవడం ఆయన నేర్పు.

చిక్కు విప్పలేని చోట దాచుకోడు. ఆదికాండం 28లో ఇస్సాకు భార్య రిబ్కాను 'యాకోబు ఏశావుల తల్లి' అని మళ్లీ చెప్పారు. అది అందరికీ తెలిసిందే, ఎందుకు చెప్పినట్టు? దీనివల్ల ఏం తెలుస్తుందో తనకు తెలియదని రాషీ రాసేశాడు. నిజానికి ఊరుకుంటే ఎవరూ అడిగేవారు కాదు! ఆయన మొత్తం రచనలో నాకు ఎక్కువ నచ్చేది ఈ వాక్యం.

అరుదైన పదం వస్తే ఊళ్లో జనం మాట్లాడే ఫ్రెంచి మాటను హీబ్రూ లిపిలో రాసి చూపించాడు. అలాంటివి వేలకొద్దీ ఉన్నాయి. పాత ఫ్రెంచి భాషను పరిశోధించేవాళ్లకు ఇప్పుడవి గని.

ఆయనకు కొడుకులు లేరు. కూతుళ్ల వైపు మనవళ్లే మహాపండితులయ్యారు, తాతను ఎడాపెడా ఖండించారు కూడా. మనవళ్లలో షమూయేల్, రాష్బామ్‌గా పేరుపడినవాడు, తాతతో వాదించానని, తీరిక దొరికితే వ్యాఖ్యను తిరగరాయాల్సిందేనని ఆయన ఒప్పుకున్నాడని రాశాడు. తాల్ముడ్ పుటలో రాషీకి ఎదురు అంచున ఉన్నది ఆ మనవళ్లతో మొదలైన తోసాఫిస్టులనే పండితుల వ్యాఖ్యే.

1096లో మొదటి క్రూసేడు గుంపులు మైన్జ్, వోర్మ్స్ యూదులను ఊచకోత కోశాయి. ఆయన చదువుకున్న గురుకులాలు కుప్పకూలాయి. గురువు లేని చోట గురువు పని చేయగల వ్యాఖ్య అవసరం అప్పటినుంచి మరింత పెరిగింది. 1105లో రాషీ పోయేనాటికి తాల్ముడ్ వ్యాఖ్యలో కొన్ని భాగాలు మిగిలిపోయాయి. తాల్ముడ్‌లోని మక్కోత్ భాగంలో 19వ పత్రం దగ్గర, గురువుగారు ఇంతవరకే రాసి కన్నుమూశారని, ఇక్కడినుంచి అల్లుడు యెహూదా రాశాడని వ్యాఖ్య మధ్యలోనే ఉంటుంది.

తేదీతో సహా అచ్చయిన తొలి హీబ్రూ పుస్తకం 1475లో ఇటలీలోని రెజ్జో కలాబ్రియాలో వెలువడింది. అది బైబిల్ మొదటి ఐదు కాండాలైన తోరాకు రాషీ రాసిన వ్యాఖ్యే. ఇంగ్లీషు అనువాదాలు ఇప్పుడు సులువుగానే దొరుకుతాయి. చదవాలనుకుంటే మొదట బైబిల్ వాక్యం ఒక్కటే చదివి, అందులో మీకేది అడ్డుతగిలిందో కాగితం మీద రాసుకుని, ఆ తర్వాతే రాషీ ఏమన్నాడో చూడండి.