ఎండిన ఎవాసో న్యీరో

ఓ ఎవాసో న్యీరో! కెన్యా పర్వతపు ఒడిలో, అబర్డేర్ కొండల చల్లదనంలో పుట్టి, సంబురు ఎర్రనేలకు పచ్చని అంచు దిద్దిన నదీ! 2022 సెప్టెంబరులో నీ ఒడ్డున గుడారంలో దిగేనాటికి నువ్వు లేవు. నీ వంపులున్నాయి. నీ గట్ల మీద కొమ్మలు చీలిన డూమ్ తాటిచెట్లున్నాయి. నడుమ ఉన్నదంతా ఇసుకే! పగలు నిప్పుల పాన్పు, రాత్రి వెన్నెల్లో నీరేనని భ్రమపెట్టే మాయావిని.

గుడారంలో మాకు ఏ లోటూ లేదు. తెల్లని పక్క, సాయంత్రం స్నానానికి కాచిన బోరు నీళ్ళు. ఆ నీళ్ళు ఒంటి మీద జారుతుండగా తెర అవతల ఇసుక తవ్వుతున్న చప్పుడు వినిపించింది. ముసలి ఆడఏనుగు! ముంగాలితో గీరి, తొండంతో ఎత్తిపోసి, చెలమ తీస్తోంది. పెన్న ఇసుకలో చెలమ తీసి, ఊట ఊరేదాకా బిందె పక్కన కూర్చునే మా అనంతపురం అమ్మల ఓపికే ఆమెది. రోజుకు నూరు లీటర్లయినా తాగవలసిన మహాకాయం, తొండం కొన తడిసేపాటి తేమ కోసం తలవంచి నిలుచుంది. ముంగాళ్ళ నడుమ గున్న చన్ను వెతుక్కుంటోంది. ఇరవైరెండు నెలలు మోసి కన్న బిడ్డకు చేపడానికి ఆ ఎండిన ఒంట్లో పాలెక్కడివి తల్లీ!

ఆమె తాగి తప్పుకున్నాక ఆ చెలమ దగ్గరికే గ్రేవీ జీబ్రాలు వచ్చాయి. లోకం మొత్తం మీద మూడు వేల దాకా మిగిలిన జాతి. సన్నని నల్లచారల మధ్య పక్కటెముకలు మరో వరుస చారలు గీశాయి.

సంబురు కాపరులకు పాడే బావులున్నాయి. యువకులు ఒకరి పైన ఒకరుగా బావిలో నిలబడి, పాడుతూ, బకెట్లు పైకి అందిస్తారు. ఏ ఇంటి పాట ఆ ఇంటిది. ఆ పాట గుర్తుపట్టి ఆ ఇంటి ఆవులే వస్తాయి. నీటి లోతు పెరిగింది, పాట పొడవు పెరిగింది, వినవలసిన ఆవులు దారి పొడవునా ఎముకలయ్యాయి. ఆ కరవుకు కెన్యాలో ఇరవై లక్షలకు పైగా పశువులు బలయ్యాయి.

2020 చివరి నుంచి వరసగా ఐదు వానకాలాలు మొహం చాటేశాయి. లా నినా అనే సముద్రపు చల్లదనం మేఘాలను దూరం చేసింది. వేడెక్కిన గాలి మట్టిలోని చెమ్మను పీల్చింది. ఎగువ తోటలు దారిలోనే నదిని తోడుకున్నాయి.

2022 ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా కెన్యా ప్రభుత్వం లెక్కకు అందిన చావులివి: 205 ఏనుగులు, 512 వైల్డ్‌బీస్టులు, 381 మామూలు జీబ్రాలు, 49 గ్రేవీ జీబ్రాలు. అడవి లోపల ఎవరి కంటా పడకుండా ఒరిగినవాటిని ఎవరు లెక్కపెడతారు? వేడెక్కని భూమ్మీద వానలు అంతే తక్కువగా పడినా అది ఇంతటి కరవయ్యేది కాదని 2023లో వాతావరణ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ దప్పిక చావుల్లో మన పొగకు పాలుంది.