కాటలినా ఆశ

'గ్రాండ్ థెఫ్ట్ ఆటో' ఆటల్లో చివరి పోరుకి వచ్చేసరికి విలన్‌ని ఎలా చంపాలో మన చేతులకి అలవాటైపోతుంది. ఎందుకు చంపాలో కూడా ఆటే నేర్పిస్తుంది. నా పేచీ ఆ రెండోదానితోనే.

2001లో వచ్చిన మూడో ఆటలో విలన్ కాటలినా. బ్యాంకు దోపిడీలో తోడుగా వచ్చిన ప్రియుడు క్లాడ్‌ని కాల్చి, తనకి పైకెదగాలని ఉందనీ, అతనిది చిన్న స్థాయనీ చెప్పి వెళ్ళిపోతుంది. 2002 నాటి 'వైస్ సిటీ'లో టామీ వెర్సెట్టీకీ అదే ఆశ. అడ్డొచ్చినవాళ్ళని చంపి నగరాన్ని చేజిక్కించుకుంటాడు. అతను మాత్రం కథానాయకుడు!

చావుల్లోనూ తేడా ఉంది. టామీ, సోనీ ఎదురెదురుగా నిలబడి పదిహేనేళ్ళ జైలు లెక్క తేల్చుకుంటారు. 'శాన్ ఆండ్రియాస్' (2004)లో బిగ్ స్మోక్ ప్రాణం పోయేముందు, డబ్బూ అధికారమూ తనని లాక్కుపోయాయని చెప్పుకుంటాడు. కాటలినాకి ఆ అవకాశం లేదు. ఆమె ఎక్కిన హెలికాప్టర్‌ని రాకెట్‌తో కూల్చేశాను, మొహమైనా చూడకుండా.

అంతటితో అయిపోలేదు. క్లాడ్ విడిపించిన మరియా గోళ్ళ గురించీ జుట్టు గురించీ ఏదో చెబుతూంటే తుపాకీ పేలిన చప్పుడు. ఆమె మాట ఆగిపోతుంది. ఆట మొత్తంలో క్లాడ్ నోరు విప్పడు. అతని మౌనం గాంభీర్యం, ఆమె మాట వాగుడు. శత్రువైనా, కాపాడిన మనిషైనా, ఆడగొంతు ఆగితేనే ఆట ముగిసినట్టు.

2023 డిసెంబరులో వచ్చిన ఆరో ఆట ట్రైలర్‌లో లూసియా కథానాయికగా కనిపించింది. ఆమె పైకెదగాలనుకున్నప్పుడు ఆ ఆశకి ఆట ఏం పేరు పెడుతుందన్నదే నా ప్రశ్న.